కాలని నల్లచార

జైల్లో కూర్చుని కూడా రేసుల గురించే ఆలోచించే జాతి ఒకటి మా టిల్బరీ కౌంటీలో ఉంది. టెస్సా క్రైడర్ ఆ జాతిలోనే పుట్టింది. మధ్యాహ్నం మూడింటికి ఆమెను జడ్జి ముందు నిలబెట్టి, పైపుల డెల్మర్‌ను కారుతో గుద్ది చంపిందని నేరం మోపబోతున్నారు. బెయిలు మీద ఆశ పెట్టుకోవద్దని ఆమె లాయరే చెప్పేశాడు. అద్దానికి అవతల కూర్చుని, ఫోను చెవిన పెట్టుకుని ఆమె నన్నడిగిన మొదటి ప్రశ్న ఏమిటనుకున్నారు?

"నిన్న రేసులో ఎవరు గెలిచారు?"

"ఓలింగర్," అన్నాను.

"ఆ ఎక్స్ పైపు వెధవా? ఛీ!"

"ఆ వెధవే నిన్నిక్కడ కూర్చోబెట్టాడు. నువ్వు బయటికొచ్చేసరికి ఈ దేశంలో కార్లు పెట్రోలు తాగడం మానేస్తాయి. రేసు సంగతి వదిలేసి అడిగినదానికి జవాబు చెప్పు."

నా పేరు వెర్నా స్టకీ. బీమా కంపెనీల తరఫున వాటంతటవి కాలిపోయిన కార్లనూ, యజమానులు కాల్చేసిన కార్లనూ వేరు చేస్తూ జీవితంలో సగం గడిపాను. అబద్ధం చెప్పేవాళ్ళమీద అప్పుడే అసహ్యం పుట్టింది. చేతగాకుండా అబద్ధం చెప్పేవాళ్ళమీద ఇంకా ఎక్కువ. ఇప్పుడు సొంతంగా పరిశోధనలు చేస్తున్నాను. టెస్సా నాయనమ్మ హేజెల్ వచ్చి నా వంటింట్లో కూర్చుని ఏడిస్తే, ఆ ఏడుపు భరించలేక ఈ కేసు ఒప్పుకున్నాను.

కేసు చిన్నదే. శుక్రవారం సాయంత్రం పొద్దు వాలేవేళ డెల్మర్ టసింగ్ తన షెడ్డు ముందు రోడ్డంచున చచ్చిపడి ఉన్నాడు. కార్ల పొగగొట్టాలు వంచి అతకడంలో అతన్ని మించినవాడు ఒహాయో మొత్తంలో లేడని అతనే చెప్పుకునేవాడు, ఎవరూ కాదనేవారు కాదు. వేగంగా వచ్చిన కారు తోక విసిరి, వెనక రేకుతో అతన్ని సిమెంటు స్తంభానికేసి కొట్టింది. కారు ఆగలేదు. దాన్ని చూసినవాళ్ళు లేరు గానీ విన్న మనిషి ఒకతె ఉంది. ఎదురింటి ఓర్ఫా బీచీ. అది ఎచ్ పైపు కారని ఆమె చెప్పింది. టెస్సా కారుకి ఎచ్ పైపేనని ఊరంతటికీ తెలుసు. ఆ పొద్దున్నే ఆమె డెల్మర్‌తో రోడ్డుమీదికి వినబడేలా అరుచుకుందనీ తెలుసు. దాంతో సార్జెంట్ బ్రాంట్ ఓలింగర్ రాత్రి భోజనం వేళకి కేసు తేల్చేసి చేతులు కడుక్కున్నాడు.

ఎచ్, ఎక్స్ అంటే మా దగ్గర మతాలు. ఎనిమిది సిలిండర్ల ఇంజనుకి రెండు పక్కల్నుంచీ రెండు పొగగొట్టాలు వెనక్కి వస్తాయి. ఒత్తిడి సరిపడేందుకు వాటిని మధ్యలో ఎక్కడో కలపాలి. నిచ్చెన మెట్టులా అడ్డంగా ఒక చిన్న గొట్టం వేస్తే అది ఎచ్ పైపు. గొంతు బొంగురుగా, ముద్దముద్దగా ఉంటుంది, కదిలేటప్పుడు బలం ఎక్కువ. రెండు గొట్టాలనూ దగ్గరకు తెచ్చి, కలిపి, మళ్ళీ విడదీస్తే ఎక్స్ పైపు. అది సాఫీగా, సన్నగా కూస్తుంది, వేగం అందుకున్నాక దాని సంగతి తెలుస్తుంది. ఏది మేలన్న వాదన మీద విడాకులు పుచ్చుకున్నవాళ్ళు కూడా మా కౌంటీలో ఉన్నారు. ఆ పెళ్ళిళ్ళు ఎలాగూ నిలిచేవి కావనుకోండి.

"డెల్మర్‌తో గొడవెందుకు?" అనడిగాను.

"నాకు ఎక్స్ కావాలన్నాను. బతికుండగా నా కారుకి ఎక్స్ వెయ్యనన్నాడు ముసలాయన."

"చివరికి ఏది వేశాడు?"

టెస్సా తన వెనక నిలబడ్డ కాపలా ఆవిడ వైపు ఓరకంట చూసింది.

"చూడమ్మాయ్, నా దగ్గర దాచి నువ్వు బావుకునేదేం లేదు."

"ఎవరికీ చెప్పకూడదు మరి. ఒట్టు!"

"ఒట్టూ లేదు, గట్టూ లేదు. చెప్పు."

ఆమె గొంతు తగ్గించింది. "ఏదీ వెయ్యలేదండీ. పాత పైపులు మొత్తం కోసి పారేసి, రెండు కొత్తవి తిన్నగా వేశాడు. నల్లరంగు పూశాడు."

నేను ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

అడ్డపైపు వెయ్యడానికి చోటు ఎంచడానికి ఇక్కడివాళ్ళ పద్ధతి ఒకటుంది. తిన్నటి పైపుల పొడుగునా చవకరకం నల్లరంగుతో ఒక చార పూస్తారు. కారును రేసులు జరిగే తిన్నటి రోడ్డు, అంటే స్ట్రిప్ మీద, ఒక్క పట్టు గట్టిగా తోలుతారు. వేడికి రంగు ముందునుంచి వెనక్కి కాలుకుంటూ వస్తుంది. ఎక్కడ కాలడం ఆగిందో అక్కడ పైపు కోసి అడ్డపైపు అతుకుతారు. చదువుకున్న ఇంజనీర్లు దీన్ని వెక్కిరిస్తారు, ఆదివారం వచ్చేసరికి వాళ్ళూ రంగుడబ్బా పట్టుకుని కారు కింద దూరతారు.

"తోలావా?"

"లేదండీ. శనివారం తోలదామనుకున్నాం. ట్రైలర్ మీద ఎక్కించి ఇంటికి తెచ్చుకున్నాను. ఇంజను ముట్టుకోలేదు. నాతోబాటు దాన్నీ పట్టుకుపోయారు."

"అంటే చార కాలేదు. కారు కదల్లేదనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఈ మాట ఓలింగర్‌కి ఎందుకు చెప్పలేదే మొద్దూ?"

"వాడికా! రేసుల్లో వాడూ నా క్లాసులోనే తోలతాడు కదా. నేను పైపులు మారుస్తున్నానని వాడికి తెలిస్తే సాయంత్రానికి స్ట్రిప్ అంతా తెలిసిపోదూ? నా సీజనంతా మట్టిగొట్టుకుపోద్ది."

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఖూనీ కేసులో ఇరుక్కుని, రేసు రహస్యం బయటపడుతుందని నోరు కుట్టేసుకున్న మనిషిని ఈ కౌంటీలో తప్ప ఇంకెక్కడా చూడలేం. తల కోసుకుంటాను గానీ టోపీ ఇవ్వనన్నట్టుంది వ్యవహారం.

"నీ కారుని ఇప్పుడు యార్డులో స్టార్ట్ చేస్తారట. ఓర్ఫా చేత మూడు కార్ల గొంతులు వినిపించి, ఏదో గుర్తుపట్టమంటారట. నీ లాయరు తెలివి తెల్లారినట్టే ఉంది, ఒప్పుకుంటూ సంతకం పెట్టేశాడు."

టెస్సా మొహంలో రేసు పోయి, మొదటిసారి భయం వచ్చింది. "వద్దండీ! ఇంజను గట్టిగా రేపితే చార కాలిపోద్ది. వెర్నాగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, దాన్ని స్టార్ట్ చెయ్యనివ్వకండి."

*

పోలీసుల యార్డు గేటు దగ్గర డిప్యూటీ మేనార్డ్ ఫ్రిచ్ నిలబడి పంచదార అద్దిన డోనట్ తింటున్నాడు. యాభై ఏళ్ళ మనిషి. ఏ పని చెప్పినా ముందు నిట్టూర్చి తర్వాత మర్చిపోతాడు. భూమికి భారం అనే మాట ఇలాంటివాళ్ళను చూసే పుట్టి ఉంటుంది. లోపలికి ఫోను తీసుకెళ్ళకూడదని నా ఫోను పెట్టెలో వేసి తాళం పెట్టాడు.

లోపల మూడు కార్లు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. మొదటిది టెస్సా ఆకుపచ్చ కారు, తలుపులమీద కోర్టు సీలు. రెండోది ఓలింగర్ సొంత ఎర్రకారు. మూడోది ఎవరిదో నీలం రంగుది. శుక్రవారం రాత్రే టెస్సా లాయరు ఆ సీలు వేయించాడు, రెండు పక్షాల మనుషులూ ఉంటే తప్ప కారుని ముట్టుకోకూడదు. వాడు బతుకులో చేసిన తెలివైన పని అదొక్కటే. కేసు చూస్తున్నవాడే తన కారుని పరీక్షకి తెచ్చి పెట్టడం నాకు విడ్డూరంగా అనిపించింది. ఓలింగర్‌కి ఆ కారుని నలుగురికీ చూపించే సందర్భం దొరికితే చాలు, సొంత తండ్రి దినానికైనా తోలుకొస్తాడు. దాని వెనక చక్రం మీది రేకంతా కప్పేస్తూ మాంసం కాల్చి అమ్మే హోటలు వాళ్ళ కొత్త స్టిక్కరు ఒకటి మెరుస్తోంది. పంది బొమ్మ నవ్వుతోంది. యజమాని పోలికలు కనబడ్డాయి నాకు.

ఓర్ఫా మడతకుర్చీలో కూర్చుని ఉంది. చర్చికి వేసుకునే గౌను, ఒళ్ళో చేతిసంచి, పక్కన ఫ్లాస్కు. ఇద్దరు రేసు మొగుళ్ళను సాగనంపిన మనిషి. ఓలింగర్ సీలు కాగితాలతో కుస్తీ పడుతుండగా నేను ఆమె పక్కన చతికిలబడ్డాను.

"ఎచ్ పైపని అంత ఖాయంగా ఎలా చెప్పావ్ ఓర్ఫా?"

"నా మొదటి మొగుడు ఎచ్, రెండోవాడు ఎక్స్. ఇద్దరూ పనికిమాలినోళ్ళే. అయినా ఏ వెధవ ఇంటికొస్తున్నాడో మంచం మీంచి లేవకుండా చెప్పేదాన్ని. అది ఎచ్చే. కొత్తది. గొంతు ఇంకా సాగలేదు."

"డెల్మర్ పోస్టు డబ్బా దగ్గర నిలబడి ఉన్నాడు కదూ అప్పుడు?"

"ఎవరు చెప్పారు నీకు?"

"పోలీసు రిపోర్టులో ఉంది."

"ఆ ఓలింగరు రాసుకున్న కథ అది. పోస్టు డబ్బా రోడ్డుకి ఇవతలుంది. డెల్మరు అవతల నిలబడ్డాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. నేను కిటికీలోంచి చూశాను. అప్పుడే పొయ్యిమీద నూడుల్సు పొంగితే వెనక్కి తిరిగాను. అంతలో వినబడింది. ఈ మాట అతనికి రెండుసార్లు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే."

 డెల్మర్ టోపీ తీసేది రెండే చోట్ల. ఒకటి చర్చి. రెండోది, తను పైపు అతికిన కారు మొదటిసారి రోడ్డెక్కినప్పుడు. కారుని దూరంగా పంపించి, పూర్తి వేగంతో తన ముందు నుంచి పోనిచ్చి, కళ్ళు మూసుకుని గొంతు వినేవాడు. వినకుండా ఏ కారునీ ఇంటికి పంపేవాడు కాదు. అంటే శుక్రవారం సాయంత్రం అతన్ని చంపింది ఎక్కడినుంచో ఊడిపడ్డ కారు కాదు. ఆ సాయంత్రమే అతని చేత కొత్త ఎచ్ పైపు వేయించుకున్న కారు.

"ఏంటి స్టకీ గారూ, ముసలమ్మని బెదిరిస్తున్నారా?"

ఓలింగర్ వచ్చి మా నెత్తిమీద నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, అద్దంలో సాధన చేసిన చిరునవ్వు. మేకపోతు గాంభీర్యం అంటే ఏమిటో పిల్లలకి చూపించాలంటే ఇతన్ని బడికి పంపించాలి.

"నేను ఎనభై ఏళ్ళదాన్ని. నన్ను బెదిరించేవాడు ఇంకా పుట్టలేదు," అంది ఓర్ఫా.

"సార్జెంట్ గారూ, కార్ల గొంతులతో కేసు తేల్చడం ఏ బళ్ళో నేర్పారు మీకు?" అన్నాను.

"బడిలో కాదండీ, స్ట్రిప్ మీద. మీరు బీమా కాగితాలు తిప్పుకునే మనిషి, మీకర్థం కాదులెండి."

"ఆ కాగితాలు తిప్పే, తన కారు తనే కాల్చుకున్న మీ మేనమామని పట్టుకున్నాను. గుర్తుందనుకుంటాను."

నవ్వు చెరిగింది. వెంటనే తెచ్చి మళ్ళీ అతికించుకున్నాడు. "గుర్తుంది. అందుకే మీకోసం ప్రత్యేకంగా డోనట్లు తెప్పించాను. తిని పక్కన కూర్చోండి. రెండు నిమిషాల పని. టెస్సా కారు స్టార్ట్ చేస్తాను, గట్టిగా రేపుతాను, ఓర్ఫా గారు కళ్ళు మూసుకుని వింటారు. తర్వాత నాది, తర్వాత నీలంది. అంతే."

"ముందు కారు కింద ఏముందో చూడాలి నేను."

"కింద ఏముంటుంది? ఎచ్ పైపు ఉంటుంది. కౌంటీలో కుక్కలక్కూడా తెలుసు."

"అయితే కుక్కల్ని సాక్ష్యానికి పిలవకపోయారా? ఓర్ఫా కన్నా చవకగా వచ్చేవి."

"ఒప్పంద పత్రంలో వినడమే ఉంది, చూడటం లేదు," అని అతను జేబులోంచి తాళంచెవి తీశాడు. సీలు చింపాడు. తలుపు తెరిచాడు.

అతను నిబంధనలు చదువుతుంటే నిలబడి వినే ఓపిక నాకు లేదు. కోటు విప్పి నేలమీద పరిచి, దానిమీద పడుకుని, కారు కిందకి జరిగిపోయాను. వెనక చక్రాలు పెద్దవి, కారు తోక ఎత్తుగా ఉంది. నేను ఎండుచేపలాంటి మనిషిని. అరవై దగ్గరపడ్డ ఆడదాన్ని కారు కింద పెట్టి ఇంజను స్టార్ట్ చేసే దమ్ము అతనికి లేదని నా నమ్మకం.

"బయటికి రండి! పిచ్చా మీకు?" అని అరిచాడు.

"పత్రంలో పడుకోకూడదని లేదుగా!"

టార్చి వెలిగించాను. టెస్సా చెప్పింది అక్షరాలా నిజం. రెండు కొత్త పైపులు ఇంజను దగ్గర్నుంచి వెనకదాకా తిన్నగా, ఒకదానికొకటి ముట్టుకోకుండా వస్తున్నాయి. ఎచ్ లేదు, ఎక్స్ లేదు. పైపుల పొడుగునా నల్లచార. ముందునుంచి వెనకదాకా వెతికాను. ఎక్కడా పొంగలేదు, బూడిద రంగు తిరగలేదు, ఒక్క పొక్కు లేదు. ఈ పైపుల్లోంచి వేడి పొగ పోనేలేదు. చార వెనక కొసన, రంగు ఆరిందో లేదో చూడ్డానికి ఎవరో వేలితో నొక్కిన గుర్తు ఉంది. బొటనవేలి ముద్ర. మధ్యలో అడ్డంగా ఒక గాటు. డెల్మర్ కుడి బొటనవేలు ఎప్పుడో పైపులు వంచే మిషనులో పడి చీలి అతుక్కుంది. అతనితో చెయ్యి కలిపిన ప్రతివాడికీ ఆ గాటు తగిలే ఉంటుంది.

నాకు గర్వం తలకెక్కింది. ఇప్పటికీ ఆ క్షణం తలుచుకుంటే నామీద నాకే ఒళ్ళు మండుతుంది. బయటికి రాకుండా, ఫ్రిచ్‌ను పిలిచి చూపించకుండా, కింద పడుకునే ఉపన్యాసం మొదలుపెట్టాను.

"సార్జెంట్ గారూ, వింటున్నారా? ఈ కారుకి మీ కుక్కలు చెప్పిన ఎచ్ పైపు లేదు. రంగుచార ఉంది, అది కాలలేదు. ఎవరో తర్వాత పూశారంటారేమో, దానిమీద చచ్చిపోయినవాడి బొటనవేలుంది. డెల్మర్ చెయ్యి పడ్డాక ఈ ఇంజను ఒక్కసారి కూడా వేడెక్కలేదు. మూడింటికి జడ్జి గారితో వేలిముద్రల వాళ్ళని పంపించమంటాను. మీరు తీరిగ్గా డోనట్లు తినండి."

 అతని బూట్లు కనబడుతున్నాయి, అవి కదల్లేదు. జవాబు రాలేదని మరింత ముచ్చటపడి, పక్కకి ఒత్తిగిల్లాను. నా టార్చి వెలుగు పక్కకారు కిందకి పోయింది. ఓలింగర్ ఎర్రకారు కిందకి.

అతని పేరుమోసిన ఎక్స్ పైపు అక్కడే ఉంది. దాని రెండు కొసల అతుకులూ తాజాగా నీలంగా మెరుస్తున్నాయి. దానికి కాస్త వెనగ్గా, రెండు పైపుల లోపలి పక్కల్లో, ఎదురెదురుగా, గుండ్రటి రేకుబిళ్ళలు రెండు అతికి ఉన్నాయి. అవీ తాజావే. పైపుకి ఎదురెదురుగా రెండు చిల్లులు ఎందుకు పెడతారు? వాటిని కలుపుతూ అడ్డంగా గొట్టం వెయ్యడానికి. ఆ గొట్టం తీసేస్తే ఏం చేస్తారు? బిళ్ళలు వేసి మూసేస్తారు. బిళ్ళలదాకా కాలిపోయిన నల్లరంగు మరక, వాటి వెనక కాలకుండా మిగిలిన చార. డెల్మర్ పద్ధతి అడుగడుగునా కనబడుతోంది. ఎచ్ పైపు వేసేవాళ్ళని నలుగురిలో వెక్కిరించే ఈ మనిషి, ఎవరికీ తెలియకుండా అతని దగ్గరికి పోయి ఎచ్ వేయించుకున్నాడు. శుక్రవారం డెల్మర్ ముందు నుంచి తోలాడు. కొత్త బలానికి కారు తోక విసిరింది. ఆగి ఉంటే అది ప్రమాదం. ఆగకుండా పోయాడు కాబట్టి ఖూనీ. ఆ తర్వాత ఎచ్ పీకేసి, పాత ఎక్స్‌నే మళ్ళీ అతికించుకున్నాడు.

అతను మూర్ఖుడనుకున్నాను నేను. టెస్సా కారుని పట్టుకొచ్చిన రాత్రే అతను దాని కిందకి చూసి ఉంటాడు. ఈ గొంతు పరీక్ష మూర్ఖుడి పరీక్ష కాదు. సీలు తీయించి, కోర్టు అనుమతితో, నా కళ్ళముందే ఆ చారని కాల్చేయడానికి పన్నిన ఎత్తు. అడ్డపైపే లేని టెస్సా కారు బండగొంతు విని ఓర్ఫా తలూపితే అదనపు లాభం. ఆ తర్వాత అతని ఎర్రకారు ఎక్స్ గొంతుతో సన్నగా కూస్తుంది, ఇక జన్మలో ఎవరూ దాన్ని అనుమానించరు.

బూట్లు వంగాయి. మోకాలు నేలకి ఆనింది. ఓలింగర్ మొహం నాకు అడ్డంగా కనబడింది. నా టార్చి ఎటుందో చూశాడు. నవ్వు లేదు.

"ఏం చూస్తున్నావ్ వెర్నా?" అన్నాడు మెల్లిగా. గారూ, మీరూ అన్నీ పోయాయి.

"నీ పైపు పనితనం చూస్తున్నాను. అతుకులు బాగా పడ్డాయి."

అతను లేచాడు. గొంతు మార్చి, యార్డంతా వినబడేలా పలికాడు. "ఓర్ఫా గారూ, కళ్ళు మూసుకోండి. మొదలుపెడుతున్నాం!"

"ఒరేయ్ ఆగు! నేను కిందున్నాను!" అని అరిచాను. "ఫ్రిచ్! ఫ్రిచ్!"

తలుపు పడింది. నా మొహానికి జానెడు ఎత్తులో ఇంజను పేలినట్టు లేచింది. అడ్డపైపు లేని గొంతు అది, రెండు పక్కలా రెండు తుపాకులు పేలుస్తున్నట్టుంది. అతను ఆపకుండా రేపుతున్నాడు. ఇంజను దగ్గర చారలోంచి సన్నటి పొగ లేచింది. రంగు కాలే కంపు ముక్కుకి తగిలింది. పొక్కులు లేస్తూ, చిట్లుతూ నావైపే వస్తున్నాయి. ఆ వెనక కొసనున్న బొటనవేలు పోతే టెస్సాకి మిగిలేదేమీ లేదు.

పక్కనుంచి బయటికి రావచ్చు. కానీ వచ్చి ఏం చెయ్యను, తలుపు పీకి అతని మెడ పట్టుకోనా? అప్పుడు గుర్తొచ్చింది. రేసు కార్లకి బ్యాటరీ వెనక డిక్కీలో ఉంటుంది. ప్రమాదం జరిగితే ఎవరైనా ఇంజను ఆర్పడానికి వీలుగా వెనక రేకుమీద బయటికే ఒక మీట ఉండాలని రేసు వాళ్ళ నియమం. అది లేని కారుని స్ట్రిప్ గేటు దాటనివ్వరు. మోచేతుల మీద వెనక్కి పాకాను. పైపు భుజానికి తగిలి చొక్కా అంటుకుంది, చర్మం కమిలింది. పాకుతూనే నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. వెనక బంపరు కిందనుంచి తల బయటపెట్టి, చెయ్యి పైకి చాచి తడిమాను. ఎర్రటి మీట చేతికి దొరికింది. బలంకొద్దీ తోశాను.

ఇంజను చచ్చిపోయింది.

చెవుల్లో హోరు మిగిలింది. కిందకి వంగి టార్చి వేశాను. చార సగానికి పైగా కాలి బూడిదరంగు తిరిగింది. వెనక కొసన బొటనవేలు అలాగే ఉంది, గాటుతో సహా.

"ఇది కాదు," అంది ఓర్ఫా కుర్చీలోంచి గట్టిగా. కళ్ళు మూసుకునే ఉంది. "దీనికసలు అడ్డపైపే లేదు. నేను విన్నది ఇది కానేకాదు."

ఓలింగర్ కారు దిగాడు. మొహం పాలిపోయింది. నేను లేచి నిలబడి, భుజం పట్టుకుని, వాడి మొహంమీదే చెప్పాను. "విన్నావుగా! టెస్సాని నువ్వే విడిపించావు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆగలేక నువ్వే స్టార్ట్ చేశావు. నిమ్మళంగా కూర్చుని ఉంటే ఇంకో గంట దొరగానే ఉండేవాడివి."

అతను నా వెనక్కి చూస్తున్నాడు.

ఫ్రిచ్ గేటు దగ్గర్నుంచి నడిచి వస్తున్నాడు. చేతులకంటిన పంచదార ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు.

"ఇప్పుడొచ్చావా నాయనా! నువ్వు తిని అరిగించుకునేదాకా నేను కింద చావాలా?" అన్నాను. "ఒక్క పని చెయ్యి, నిట్టూర్చకుండా చెయ్యి. మీ సార్జెంట్ కారు కిందకి వంగి చూడు. ఎక్స్ పైపు వెనక ఎదురెదురుగా రెండు బిళ్ళలుంటాయి. కొత్తగా అతికినవి. చూసి, నువ్వు చూసింది జడ్జి గారికి చెబుదువుగాని."

ఫ్రిచ్ వంగలేదు. ఎర్రకారు వైపు తల కూడా తిప్పలేదు. ఓలింగర్‌ను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆ చూపులో బద్ధకం లేదు. ఇన్నేళ్ళలో ఆ మనిషి మొహాన్ని నేను ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదని అప్పుడు తెలిసింది.

"చూడక్కర్లేదండీ," అన్నాడు. "ఆ బిళ్ళలు అతికింది నేనే. శనివారం, మా కొట్టాంలో."

"ఎందుకో తెలిసే అతికావా?"

"రక్తం కడిగింది కూడా నేనేనండీ. స్టిక్కరు వేసింది కూడా."

అతను వెనక్కి తిరిగి గేటు దాకా నడిచాడు. రెండు తలుపులూ దగ్గరికి లాగాడు. గొలుసు చుట్టి, తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఓలింగర్ చొక్కా చేతులు మడుచుకుంటూ ఆకుపచ్చ కారు వెనక్కి, మీట వైపు రెండడుగులు వేశాడు. మీట వెనక్కి లాగితే ఇంజను మళ్ళీ లేస్తుంది, మిగిలిన చారా బొటనవేలి ముద్రా కాలిపోతాయి. నేను మీటకి అడ్డంగా నిలబడ్డాను. కమిలిన భుజం మండుతోంది. అరిచినా వినేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు.

ఓర్ఫా ఒళ్ళో సంచి సర్దుకుంది. ఇంకా కళ్ళు తెరవలేదు.

"ఏం నాయనా, ఆగిపోయారేం?" అంది. "రెండోది కానివ్వండి."